పొన్నలంక కేబుల్

సోమవారం. వాన.

ఈ రోజు ఈతలంకను ఆపాం. లంకను ఆపడం అని అలవాటుగా అంటాం కానీ, ఆపేది దాని ర్యాక్‌ను. మా సర్వర్ గదిలో ఒక్కో లంకకు ఇనుప బీరువా లాంటి ర్యాక్ ఒకటి ఉంది. అందులోని సర్వర్లు గట్టు వెనక నీటిమట్టం చూసుకుంటూ తూములు మూయిస్తాయి, మోటార్లు వేయిస్తాయి, లోపలికొచ్చిన సముద్రాన్ని బయటికి తోడిస్తాయి. అవి ఆగితే కొద్ది రోజుల్లోనే ఇళ్లలోకి ఉప్పునీళ్లు వచ్చేస్తాయి. అందుకే జనమంతా మెట్ట కాలనీలకు వెళ్లిపోయారని నీటి మండలి రాసి పంపాకే మేం చెయ్యి వేస్తాం.

గదిలో మిగిలింది భైరవస్వామి బాబాయ్, నేను. ఆయన నాకు చుట్టం కాదు. పనిలో చేరినప్పుడు సార్ అని పిలిస్తే, "సారేంటి ఎస్తేరూ, బాబాయ్ అను. సార్లంతా మెట్టకెళ్లిపోయారు" అన్నాడు. అప్పటినుంచి అదే పిలుపు.

ఆయన పద్ధతి మారదు. మొదట నా ఉంగరం, గాజులు తీయించి డబ్బాలో వేయిస్తాడు. తన దండకు ఉన్న వెండి తాయెత్తు కూడా తీస్తాడు. సర్వర్లను ఒక్కొక్కటిగా కంప్యూటర్ నుంచి పడుకోబెడతాం. ఫ్యాన్లు నిలిచాక బ్రేకర్ దించి, దానికి ఇద్దరం చెరో తాళం వేస్తాం. నా తాళం నేనే తీయాలి, ఆయనది ఆయనే తీయాలి. తరువాత టెస్టరు. కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని చూశాకే ర్యాక్ మీద పెడతాడు. మళ్లీ తెచ్చి ప్లగ్గులో పెడతాడు. టెస్టరే చచ్చి ఉంటే ర్యాక్ చచ్చిందనుకుంటామని ఆయన భయం. అప్పటికీ ముట్టుకోనివ్వడు. లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. "టీ తాగొద్దాం పద. దాన్నీ కాస్త ఊపిరి వదలనీ" అంటాడు.

ఒక్క చోట మాత్రం మా చేతిలో ఏమీ లేదు. మా కరెంటు పోయినప్పుడు ర్యాక్‌కు లంక నుంచి కరెంటు అందడానికి వెనకవైపు ఇంకో కేబుల్ ఉంటుంది. దాని స్విచ్ మా గదిలో కాదు, అక్కడి పంపుహౌసులో ఉంది. కావలి మనిషి స్విచ్ దించి తాళం వేశానని వైర్‌లెస్‌లో చెబితే, ఆ మాట మీద మేం కేబుల్ విప్పుతాం. విప్పేముందు దానికి ఎర్తు తీగ తగిలించాలి. పొరపాటున కరెంటు వచ్చినా మనిషిలోంచి కాకుండా నేలలోకి పోతుంది. ఆ ఎర్తు తీగ మొదటి లారీలో మెట్టకు వెళ్లిపోయింది. గదిలో రాగి ముక్క మిగలకుండా ఎత్తుకెళ్లారు. తిరిగి పంపమని అడిగితే, మెట్టలో లెక్కకెక్కిన సామాను వెనక్కి రాదని జవాబు వచ్చింది.

ఈతలంక కేబుల్‌ను బాబాయ్ ఒంటి చేత్తో విప్పాడు. రెండో చెయ్యి జేబులోనే పెట్టుకున్నాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుందట.

మంగళవారం. వాన.

ఇక పొన్నలంక ఒక్కటే.

పొన్నలంక పంపుహౌసు కావలి సూరాయమ్మ. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే ఆమె గొంతు వింటున్నాను, మనిషిని ఎప్పుడూ చూడలేదు. గట్టు దగ్గర నీళ్లు బెత్తెడున్నాయో జానెడున్నాయో చెబుతుంది. తరువాత వాళ్ల ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో కూడా చెబుతుంది. బాబాయ్‌ని అన్నయ్యగారూ అంటుంది కనుక నాకు అత్త అయింది.

"మనుషులకి పడవలొచ్చాయమ్మా" అంది ఈ రోజు. "గేదెల పడవ రాలేదు. మండలివోళ్లు వాటినొగ్గేసి ఎక్కమంటన్నారు. ఎలా ఒగ్గేత్తాం? పదకొండిళ్లోళ్లం ఉండిపోయాం."

"మాకొచ్చిన కాగితంలో లంక ఖాళీ అని ఉంది అత్తా."

"కాగితానికేం, అది ఎక్కేసింది పడవ."

మండలి ఆఫీసుకు ఫోన్ చేశాను. గేదెల పడవ ఒకటి రెండు రోజుల్లో వస్తుందన్నారు. ర్యాక్ తీసుకెళ్లే లారీ మాత్రం గురువారమే వస్తుందట. మెట్టలో చెరువుల పని ఈ ర్యాక్ కోసమే ఆగి ఉందట. సాయంత్రానికి మమ్మల్ని అడక్కుండానే సబ్‌స్టేషన్ నుంచి పొన్నలంక మోటార్లకు కరెంటు కట్ చేశారు. అలాగైనా జనం కదులుతారని వాళ్ల ఆలోచన. మా గదిలో పొన్నలంక సర్వర్లు మాత్రం ఏమీ తెలియనట్టు మోటార్లు వేయమని చెబుతూనే ఉన్నాయి. తెర మీద నీటిమట్టం చూపే ఎర్ర గీత మెల్లగా పైకి పోతోంది.

బాబాయ్ ఆ గీతను చూసి తెర ఆపేశాడు. "సూసి ఏం చేత్తాం" అన్నాడు.

బుధవారం. వాన.

పొన్నలంక సర్వర్లను పడుకోబెట్టాం. గదిలో ఆ చివరి ఫ్యాను కూడా ఆగాక, రేకుల మీద వాన చప్పుడు ఇంత గట్టిగా ఉంటుందా అనిపించింది. పనిలో చేరాక ఈ గది నిశ్శబ్దంగా ఉండగా నేను చూడలేదు. అలవాటు కొద్దీ కేకలేసి మాట్లాడుకుని, తరువాత గొంతులు తగ్గించుకున్నాం.

మధ్యాహ్నం మాణిక్యం పిన్ని పంపిన క్యారేజీ విప్పాడు బాబాయ్. పిన్ని ఆయన భార్య. నెల కిందటే మెట్ట కాలనీలో చేరింది. ఇటు వచ్చే ఏదో ఒక లారీ డ్రైవరు చేత రోజూ అన్నం పంపుతోంది. ఎండుచేప ముక్కలు రెండున్నాయి, ఒకటి నాదని పిన్ని రోజూ చెప్పి పంపుతుంది.

"ఇల్లెలా ఉంది బాబాయ్?"

"రేకుల షెడ్డు. ఎర్రమట్టి. మీ పిన్ని గుమ్మం ముందు కొబ్బరి మొక్క పెట్టింది, ఆ రాళ్లలో అది బతుకుద్దా? నాకైతే అక్కడ నిద్ర పట్టట్లేదమ్మా. నీళ్ల చప్పుడుండదు కదా."

"అలవాటవుతుందిలే."

"అవుద్ది. రేపటితో ఇక్కడ పనైపోద్ది కదా. అలవాటు చేసుకోక ఎక్కడికి పోతాను."

తిన్నాక వైర్‌లెస్ తీసుకుని సూరాయమ్మను పిలిచాడు. "చెల్లెమ్మా, మాకొచ్చే కేబుల్ స్విచ్ దించి తాళమెయ్యమ్మా. రేపు విప్పుతాం."

"ఇప్పుడే ఏత్తానన్నయ్యగారూ." చాలాసేపటి తరువాత తిరిగి పలికింది. "దించేశాను. తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను."

"గేదెలెలా ఉన్నాయి?"

"పాకలో నీళ్లొత్తన్నాయండి. కాళ్లు నానిపోతన్నాయి వాటికి. పడవ గురించి మీరైనా ఓ మాట చెప్పండి."

"చెప్తూనే ఉన్నామమ్మా."

చెప్పాడు. నా ముందే మళ్లీ మండలికి ఫోన్ చేసి, ఎప్పుడూ లేనిది గొంతు పెంచి మాట్లాడాడు. అటువైపు మనిషి వింటూనే ఉన్నాడు.

గురువారం. పొద్దున ముసురు, తరువాత ఎండ.

ఇది శుక్రవారం రాస్తున్నాను. నిన్న రాయలేకపోయాను.

పొద్దున వెళ్లేసరికే లారీ వచ్చి ఉంది. సర్వర్లను పై నుంచి కిందికి ఒక్కొక్కటే దించాం. బరువంతా పైన మిగిలితే ర్యాక్ మీద పడుతుందని బాబాయ్ ఎప్పుడూ పైనుంచే మొదలుపెట్టిస్తాడు. చివరికి వెనక కేబుల్ మిగిలింది.

విప్పేముందు సూరాయమ్మను పిలిచాం. పలకలేదు. మళ్లీ పిలిచాం. నీళ్లలో గేదెలతో ఉండి ఉంటుంది అనుకున్నాం. అది నిజమే.

"ఆమె పలికేదాకా ఆగుదాం బాబాయ్. ఎర్తు తీగ కూడా లేదు."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. బాబాయ్ కిటికీ వైపు చూసి, టెస్టరు తీశాడు. ప్లగ్గులో పెట్టాడు, వెలిగింది. కేబుల్ కొనల మీద ఒక్కొక్కదాని మీదా పెట్టాడు, వెలగలేదు. మళ్లీ ప్లగ్గులో పెట్టాడు, వెలిగింది. నాకూ చూపించాడు.

"నిన్న వేశానంది కదమ్మా. సూరాయమ్మ వేశానంటే వేసినట్టే."

స్పానరు తీసుకుని మొదటి నట్టు విప్పాడు. రెండోది తుప్పు పట్టి కదల్లేదు. ఒక చేత్తో కుదరక, జేబులోని చెయ్యి తీసి ర్యాక్ అంచు పట్టుకున్నాడు. అప్పుడే ముసురు విడిపోయి కిటికీలోంచి ఎండ మా మీద పడింది. వారం తరువాత ఎండ. బాబాయ్ తల తిప్పి చూశాడు.

"అమ్మయ్య, మొహం చూపించాడు సూర్యుడు" అన్నాడు.

తరువాత బల్ల మీద గుద్దినట్టు ఒక చప్పుడు. ఆయన అరవలేదు. రెండు చేతులూ బిగుసుకుపోయి, అలాగే నిలబడి ఉన్నాడు. నేను బ్రేకర్ల దగ్గరికి పరుగెత్తాను. అన్నీ దించే ఉన్నాయి. నా తాళం, ఆయన తాళం పక్కపక్కన వేలాడుతున్నాయి. ఆపడానికి ఆ గదిలో ఇంకేమీ లేదు.

గోడకు ఆనించిన ఎండు వెదురు గెడ తెచ్చి, రబ్బరు చాప మీద నిలబడి, చేతుల కింద పెట్టి లాగాను. రెండోసారికి విడిపోయి కింద పడ్డాడు. డ్రైవరు వచ్చాడు. ఇద్దరం మార్చి మార్చి ఛాతీ మీద అదిమాం. ఎంతసేపో తెలియదు. డ్రైవరే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇంక వద్దమ్మా, నీ చేతులు కూడా పోతాయి" అన్నాడు.

కేబుల్ కొన ఇంకా బతికే ఉంది. దాన్ని ఆపాలి. వైర్‌లెస్ తీశాను. ఈసారి వెంటనే పలికింది.

"అత్తా, అక్కడ మోటారు తిరుగుతోందా?"

"తిరుగుతోందమ్మా." ఆమె గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. "నిన్న సాయంత్రం ఊళ్లో వాళ్లంతా ఇళ్ల మీద సోలారు పలకలు పీక్కొచ్చి మోటారుకి కలిపారు. వానకి తిరగలేదు. ఇక పని చెయ్యదులే అనుకుని ఒగ్గేశాం. ఇప్పుడు ఎండ రాగానే దానంతటదే అందుకుంది."

"తాళం?"

"ఆ స్విచ్ పైకెయ్యకపోతే మోటారుకి అందట్లేదమ్మా. అందుకని తీశాం."

"ఆపెయ్ అత్తా. కరెంటు ఇక్కడికొస్తోంది. బాబాయ్ కేబుల్ పట్టుకున్నాడు."

ఆమె వెనక మోటారు చప్పుడు వినిపిస్తూ ఉంది. అది ఆగిపోయింది. గేదె ఒకటి అరిచింది.

"ఆపేశానమ్మా" అంది సూరాయమ్మ. తరువాత, "అన్నయ్యగారిని ఒక్కసారి మాట్లాడమనమ్మా" అంది.

నేను వైర్‌లెస్ బల్ల మీద పెట్టేశాను. అది పిలుస్తూనే ఉంది.

శనివారం. ఎండ.

నిన్న బాబాయ్‌ని మెట్టలో పూడ్చారు. లంకల్లో ఏటి ఒడ్డున చేసేవాళ్లు. ఇక్కడ ఏరు లేదు. మట్టి గట్టిగా ఉండి గొయ్యి తవ్వడానికి చాలాసేపు పట్టింది. మాణిక్యం పిన్ని ఏడవలేదు. గొయ్యి తవ్వేవాళ్లకు నీళ్లు పోస్తూ నిలబడింది. నాతో ఒకే ఒక్క మాట అడిగింది. "అన్నం తిన్నాడా?" తినలేదు. అది మధ్యాహ్నం కాకముందే జరిగింది. తిన్నాడని చెప్పాను.

ఈ రోజు మండలి నుంచి విచారణకు ఒకాయన వచ్చాడు. చెడ్డవాడిలా లేడు, బాగా అలిసిపోయి ఉన్నాడు.

"లంకవాళ్లు అనుమతి లేకుండా కనెక్షన్ ఇచ్చారు. అంతే కదమ్మా?"

"లంక ఖాళీ అని మీ కాగితంలోనే ఉంది కదండీ. ఖాళీ లంకలో కనెక్షన్ ఎవరిస్తారు?"

ఆయన పెన్ను మూసి నా వైపు చూశాడు.

"వాళ్ల పేర్లు రాస్తే కాలనీలో ఇళ్లు రావు వాళ్లకి" అన్నాను. "రాయాలనుకుంటే మొత్తం రాయండి. గేదెల పడవ రాలేదు. చెప్పకుండా కరెంటు కట్ చేశారు. ఎర్తు తీగ తీసుకెళ్లిపోయారు, అడిగితే ఇవ్వలేదు. లంకవాళ్లు స్విచ్ వేసి మాకు చెప్పలేదు. ఆమె పలికేదాకా ఆగుదామన్నాను, ఆగలేదు. ఇందులో ఏ ఒక్కటి జరక్కపోయినా మనిషి ఉండేవాడు."

"ఇన్ని రాయడానికి ఇందులో చోటు లేదమ్మా" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే. చివరికి 'ప్రమాదం' అని ఒక్క మాట రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, గేదెల పడవ రేపు వెళ్తుందని చెప్పాడు.

ఆదివారం. ఎండ.

గేదెల పడవలోనే నేనూ వెళ్లాను. పొన్నలంక వైపు కేబుల్‌ను అక్కడ కూడా విప్పాలి. బయల్దేరేముందు మండలి మనిషి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి ఇచ్చాడు. ఎర్తు తీగ. కొత్తది. కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.

దారంతా నీళ్లలో తలలు రాలిన కొబ్బరిచెట్లు. పొన్నలంక గట్టు మీద జనం గేదెల్ని పట్టుకుని నిలబడి ఉన్నారు. గొంతును బట్టి సూరాయమ్మ భారీ మనిషి అనుకునేదాన్ని. పొట్టిగా, ఎండిపోయినట్టున్న మనిషి ముందుకొచ్చి, నా చేతిలో తాళంచెవి పెట్టింది. నేను పంపుహౌసు వైపు నడిచాను.

పంపుహౌసులో మోకాలి లోతు నీళ్లున్నాయి. నీళ్లలో నిలబడి పని చేయకూడదని ముందు ఎత్తుగా బల్లలు వేయించాను. సోలారు పలకలను ఎండ తగలకుండా గుడ్డలతో కప్పించి, వాటి తీగలు విప్పించాను. స్విచ్ దించి తాళం వేశాను. టెస్టరు పెట్టాను. ఎర్తు తీగ తగిలించాను. ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు. సూరాయమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"మోటారుకిచ్చింది మోటారుకే పోద్దనుకున్నామమ్మా" అంది చివరికి. "అంత దూరం ఎలా వచ్చింది?"

"కేబుల్‌కు ఇటూ అటూ ఉండదు అత్తా. దారుంటే ఎటైనా పోతుంది."

"తిరగలేదు కదా, ఇంక చెప్పేదేముందిలే అనుకున్నాను. తిరిగితే పొద్దున్నే చెబుదామనుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎండొచ్చేసరికి అందరం చప్పట్లు కొట్టామమ్మా."

గేదెలన్నీ ఎక్కాయి. పడవ కదిలేటప్పుడు అందరూ ఊరి వైపు చూస్తున్నారు. సూరాయమ్మ మాత్రం నా పక్కన కూచుని, బాబాయ్ ఇల్లు కాలనీలో ఎటువైపు ఉందని అడిగింది.

బుధవారం. ఎండ.

నన్ను మెట్టలో కొత్త సర్వర్ గదికి మార్చారు. అది చెరువుల కోసం. పక్కన పని చేసేవాళ్లు మంచివాళ్లే. ఉంగరం తీయమంటే నవ్వారు. తీసేదాకా బ్రేకర్ తాళాలు ఇవ్వలేదు నేను.

సూరాయమ్మ సోమవారం పొద్దున్నే మాణిక్యం పిన్ని ఇంటికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. తానెవరో చెప్పి, పిన్ని కాళ్ల మీద పడబోయింది. పిన్ని కాళ్లు వెనక్కి తీసుకుని, లోపలికెళ్లి తలుపు వేసుకుంది. సూరాయమ్మ మధ్యాహ్నం దాకా గుమ్మం బయట కూచుని లేచి వెళ్లిపోయింది. మంగళవారం మళ్లీ వచ్చింది. తలుపు తీసే ఉంది, పిన్ని లోపల బియ్యం ఏరుకుంటోంది, మాట లేదు. ఈ రోజూ అంతేనట.

"ఎందుకు అత్తా రోజూ? ఆమెకూ కష్టం, నీకూ కష్టం" అన్నాను.

"ఇంట్లో కూచోలేకపోతన్నానమ్మా" అంది.

మంగళవారం. మబ్బు.

వారం నుంచి ఏమీ రాయలేదు. రాయడానికి కొత్తగా ఏమీ లేదు. సూరాయమ్మ రోజూ వెళ్తోంది. పిన్ని మాట్లాడదు. ఒక రోజు ట్యాంకరు వచ్చినప్పుడు పిన్ని బిందె సూరాయమ్మే పట్టి తెచ్చి గుమ్మంలో పెట్టిందట. పిన్ని ఆ నీళ్లు వాడలేదు, పారబొయ్యనూ లేదు.

ఈ సాయంత్రం పని అయ్యాక పిన్ని దగ్గరికి వెళ్లాను. సూరాయమ్మ అప్పటికే వెళ్లిపోయింది. పిన్ని గుమ్మంలో కూచుని కూర తరుగుతోంది. నన్ను కూచోమంది. నేనూ రెండు వంకాయలు అందుకుని తొడిమలు తీశాను.

"ఎస్తేరూ, ఆవిడతో ఓ మాట చెప్పాలి నువ్వు" అంది, తలెత్తకుండా.

"చెప్పు పిన్నీ."

"రేపు రావద్దని చెప్పు."

అనుకున్నదే అయింది అనుకున్నాను. ఇన్నాళ్లు ఓర్చుకోవడమే ఎక్కువ. సరే అన్నాను.

పిన్ని కోసిన ముక్కలు నీళ్లలో వేసింది. చేతులు తుడుచుకుంది.

"రేపు పొద్దున్నే నేను పింఛను ఆఫీసుకెళ్తన్నాను. ఎప్పటికొస్తానో ఏమో. తాళమేసున్న ఇంటి ముందు ఆ పిచ్చిది ఒక్కతే కూచుంటది" అంది. "ఎల్లుండి రమ్మను."